పచ్చగా వెలిగితే చాలదు

ఏలూరు, పవర్‌పేట

అమ్మలూ,

నువ్వు తాడేపల్లిగూడెం నుంచి పంపిన ప్రాజెక్టు కోడూ, కొల్లేటి పక్షుల పట్టికలూ అందాయి. "టెస్టులన్నీ పాసయ్యాయి పిన్నీ, ఇక సర్‌కి ఇచ్చేయనా?" అని అడిగావు. ఇప్పుడే ఇవ్వకు. కోడ్ చాలావరకు సరిగ్గానే ఉంది. అయితే ఆ సంగతి నాకు కోడ్ చదివితే తెలిసింది. నీ టెస్టులు చూస్తే తెలియలేదు.

నేనేం చేశానంటే, రెండు ఏడాదుల పక్షుల వాటాల మధ్య తేడా కొలిచే నీ కేఎల్ (కుల్‌బ్యాక్-లీబ్లర్) ఫంక్షన్‌లో ముందు వరసని వెనక్కీ వెనక వరసని ముందుకీ మార్చేసి టెస్టులు నడిపాను. అన్నీ పచ్చగా వెలిగాయి. తర్వాత లోపలి లెక్కంతా తుడిచేసి, ఏమిచ్చినా సున్నా తిరిగిచ్చేలా పెట్టాను. అప్పుడూ సగం పైగా పచ్చగానే ఉన్నాయి. ఎందుకంటే నీ టెస్టుల్లో ఎక్కువ భాగం "ఒక డిస్ట్రిబ్యూషన్‌ని దానితోనే పోలిస్తే సున్నా రావాలి", "జవాబు సున్నాకి తగ్గకూడదు" అనే రెండు మాటలనే తిప్పితిప్పి అడుగుతున్నాయి. ఎప్పుడూ సున్నా చెప్పే ఫంక్షన్ ఈ రెండింటికీ దర్జాగా సరిపోతుంది. మీ గూడెం ఉల్లి మార్కెట్లో కాటా తనిఖీకి వచ్చినవాడు ఖాళీ పళ్లెం సున్నా చూపించిందని సంతకం పెట్టి వెళ్లిపోడు కదా, ముద్ర ఉన్న రాయి వేసి చూస్తాడు.

అందుకే టెస్టు రాయబోయే ముందు, ఫంక్షన్‌లో ఏ తప్పు ఉంటే ఇది ఎర్రబడుతుందో ఆలోచించు. ఆ తప్పుని నువ్వే కావాలని పెట్టి, నిజంగా ఎర్రబడిందో లేదో చూడు. ఎర్రబడకపోతే ఆ టెస్టు ఉన్నా లేనట్టే. దీన్ని మ్యుటేషన్ టెస్టింగ్ అంటారు. దానికి సాధనాలు దొరుకుతాయి గానీ నీ ఫంక్షన్ నాలుగు వరసలది, చేత్తో పాడుచేసి చూసుకోవడమే నయం.

వరసలు తారుమారైనా నీ టెస్టు పట్టుకోలేకపోవడానికి కారణం నువ్వు ఎంచుకున్న ఉదాహరణ. మూడు జాతులు తీసుకున్నావు. మొదటి ఏడాది వాటాలు 0.5, 0.25, 0.25. రెండో ఏడాది 0.25, 0.25, 0.5. చేత్తో కట్టడానికి హాయిగా ఉంటుంది. జవాబు 0.1733, ఒప్పే. ఇప్పుడు రెండో ఏడాదిని ముందు పెట్టి కట్టు. మళ్లీ 0.1733. రెండో వరస మొదటిదాన్ని తిరగేసిందే కనక ఎటునుంచి కొలిచినా ఒకటే వస్తుంది. కేఎల్‌కి దిక్కు ఉందని రిపోర్టులో అంత పెద్ద పేరా రాశావు, ఆ దిక్కు కనబడని జంటనే తెచ్చి టెస్టులో పెట్టావు. దీని బదులు 0.5, 0.5 ఒకవైపూ, 0.25, 0.75 రెండోవైపూ పెట్టు. ఇటు నుంచి 0.1438, అటు నుంచి 0.1308 వస్తాయి. రెండూ టెస్టులో రాయి. అక్కడ ఇంకో తిరకాసు ఉంది. నీ టాలరెన్స్ 0.05. దాన్ని అలాగే వదిలేస్తే ఈ రెండు సంఖ్యలూ ఒకటే అనేస్తుంది. సూత్రంతో కచ్చితంగా తేలే జవాబుకి అంత వెసులుబాటు దేనికి? పన్నెండో దశాంశం దాకా బిగించు. ఆ బిగింపుకి 0.1438 అని నాలుగు అంకెలు రాస్తే కుదరదు, 4/3కి లాగ్ తీసి అందులో సగం అని సూత్రమే రాయి.

నీటి లోతులకి నార్మల్ డిస్ట్రిబ్యూషన్ పెట్టి రాసిన రెండో ఫంక్షన్‌దీ ఇదే జబ్బు. సగటు 0, విచలనం 1 ఉన్నదాన్ని సగటు 1, విచలనం 1 ఉన్నదానితో పోల్చావు. జవాబు 0.5. పుస్తకాల్లో తరచూ కనిపించే ఉదాహరణ ఇదే. విచలనాలు సమానమైతే కేఎల్ రెండు వైపులా ఒకటే, అది మహలనోబిస్ దూరపు వర్గంలో సగం. విచలనాలు మార్చు. సగటు రెండింటికీ 0, విచలనం ఒకదానికి 1, రెండోదానికి 2 పెట్టు. ఇటు నుంచి 0.3181, అటు నుంచి 0.8069. విచలనం బదులు విచలనపు వర్గాన్ని ఇచ్చినా, వర్గం చెయ్యడం మరిచిపోయినా ఈ జంట దగ్గర దొరికిపోతుంది. విచలనం 1 అయితే దాని వర్గమూ 1 కనక ఆ తప్పు నీ పాత ఉదాహరణకి ఎన్నటికీ చిక్కదు. టెస్టు అంకెల్లో 1, 0 కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది.

పాత ఉదాహరణని పూర్తిగా పారేయకు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1936లో ఇచ్చిన దూరం, అనిల్ కుమార్ భట్టాచార్య 1943లో ఇచ్చిన దూరం, కుల్‌బ్యాక్, లీబ్లర్ ఇద్దరూ 1951లో రాసిన కేఎల్, ఈ మూడూ విచలనాలు సమానంగా ఉన్న నార్మల్స్ దగ్గర ఒకే తాటి మీదకి వస్తాయి. మహలనోబిస్ దూరపు వర్గంలో సగం కేఎల్, ఆ వర్గంలోనే ఎనిమిదో వంతు భట్టాచార్య దూరం. నీ దగ్గర మూడు ఫంక్షన్లూ ఉన్నాయి కాబట్టి ఒకదానితో ఇంకొకదాన్ని సరిచూడొచ్చు. ముగ్గురు సాక్షులూ ఒకే అబద్ధం చెప్పడం కష్టం.

నీ ఇంకో కొలత, జెన్సన్-షానన్ డైవర్జెన్స్ దగ్గర లాగ్ ఆధారం 2 తీసుకుని, ఒకదానిలో ఉన్న ఏ జాతీ రెండోదానిలో లేని జంటని ఇచ్చి, 1 వచ్చిందని సంబరపడ్డావు. 1కి వర్గమూలం తీసినా 1 కదా. సైపై లైబ్రరీలోని జెన్సన్-షానన్ ఇచ్చేది డైవర్జెన్స్ కాదు, దాని వర్గమూలం. నువ్వు రాసింది వర్గమూలం లేనిది. రెండూ వేరని నీ టెస్టు ఎప్పటికీ కనిపెట్టలేదు. సహజ లాగ్ పెట్టి చూడు. డైవర్జెన్స్ 0.6931, దూరం 0.8326. అక్కడ తెలిసిపోతుంది.

లైబ్రరీతో సరిచూసుకోవడం మంచిదే. పక్కన పెట్టుకున్న లైబ్రరీ నువ్వు కొలిచేదాన్నే కొలుస్తోందో లేదో ముందు చదువుకో. సైపైలో ఎంట్రోపీ అనే ఫంక్షన్‌కి రెండు వరసలిస్తే కేఎల్ ఇస్తుంది. కానీ అది వరసల మొత్తం 1 కాకపోతే చడీచప్పుడూ లేకుండా తనే 1కి సరిచేసుకుంటుంది. పట్టికలో ఒక జాతి వరస ఎగిరిపోయినా అది నోరెత్తదు, చక్కగా ఒక సంఖ్య చేతిలో పెడుతుంది. అదే సైపైలో కేఎల్_డివ్ అని ఇంకోటుంది. ముందు వరసలోని వాటా పి, వెనక వరసలోది క్యూ అనుకుంటే, ఒక్కో జాతికీ పి లాగ్ పి/క్యూ మీద, మైనస్ పి ప్లస్ క్యూ కూడా కలుపుతుంది. రెండు వరసల మొత్తాలూ సమానమైతే కూడినప్పుడు ఆ అదనం కొట్టుకుపోతుంది, విడివిడిగా చూస్తే మాత్రం అంకెలు వేరు. పైటార్చ్‌లో కేఎల్_డివ్ మరీ కొరకరాని కొయ్య. మొదటి స్థానంలో క్యూ ఇవ్వాలి, అదీ ముందే లాగ్ తీసినది ఇవ్వాలి, పి రెండో స్థానంలో వస్తుంది. ఊరికే వదిలేస్తే మొత్తాన్ని వరసల సంఖ్యతో కాక అన్ని గడుల సంఖ్యతో భాగిస్తుంది. లాగ్ తీయకుండా ఇచ్చినా ఎర్రర్ రాదు, ఏదో ఒక సంఖ్య వస్తుంది. పేరు ఒకటే కదా అని సాక్ష్యానికి పిలిస్తే ముగ్గురూ మూడు కథలు చెప్తారు.

ఇప్పుడు సున్నాలు. కొల్లేటి పట్టికల్లో ఇవి తప్పవు. తెడ్డుమూతి కొంగలు ఒక జనవరిలో కనిపిస్తాయి, ఇంకో జనవరిలో ఒక్కటీ లెక్కకి రాదు. పి దగ్గర సున్నా ఉంటే ఆ జాతి కలిపేది సున్నా, ఇందులో తగువు లేదు. కానీ నంపై 0 ని లాగ్ 0 తో గుణించమంటే "నాన్" అంటుంది, అంటే సంఖ్య కాదని. నీ టెస్టు "జవాబు సున్నాకంటే చిన్నదైతే తప్పు" అని రాసి ఉంది. నాన్ సున్నాకంటే చిన్నదా అని అడిగితే కాదనే చెబుతుంది. కాబట్టి పాస్! "జవాబు సున్నాకి సమానమో పెద్దదో అయితేనే ఒప్పు" అని తిరగరాయి. అప్పుడు నాన్ దానికీ కాదంటుంది, టెస్టు ఎర్రబడుతుంది. మనిషికి రెండు వాక్యాలూ ఒకటే. యంత్రానికి కావు.

పి దగ్గర పక్షులుండి క్యూ దగ్గర సున్నా అయితే కేఎల్ అనంతం. అది ఎర్రర్ కాదు, జవాబే. నువ్వు అనంతం రాకుండా ప్రతి గడికీ 0.0000000001 కలిపావు. దాని ఫలితం చూడు. మొదటి ఏడాది 2 శాతం ఉన్న జాతి రెండో ఏడాది లేదనుకో. ఆ ఒక్క జాతే కేఎల్‌కి 0.38 తెస్తుంది. అదే 0.000001 కలిపి ఉంటే 0.20 తెచ్చేది. నువ్వు చెప్పేది కొల్లేరు గురించా, నువ్వు కలిపిన దశాంశం గురించా? నా మాట వింటే సున్నాలున్న చోట జెన్సన్-షానన్ గానీ హెల్లింగర్ దూరం గానీ వాడు. వాటికి పైన కప్పు ఉంది, అనంతానికి పోవు. కేఎల్లే కావాలంటే లెక్కలకి అర పక్షిని కలిపి, ఆ సంగతి రిపోర్టులో పైకి చెప్పు. టెస్టులో మాత్రం అనంతం రావలసిన చోట అనంతమే వచ్చిందా అని అడుగు.

ఇంకోటి. జవాబు ఎప్పుడైనా మైనస్ వస్తే సున్నా చేసేయమని ఒక వరస పెట్టావు. పదిహేడో దశాంశంలో మైనస్ రావడం ఫ్లోటింగ్ పాయింట్ లెక్కల్లో మామూలే, దానికి టెస్టులో సందివ్వు. ఫంక్షన్‌లో దుప్పటి కప్పితే, వాటాల మొత్తం 1 కానప్పుడు వచ్చే మైనస్ 0.3 కూడా అదే దుప్పటి కింద పడుకుంటుంది.

పట్టికల సంగతి రాయకపోతే ఈ ఉత్తరం దండగ. కొల్లేటి ఆటపాక పట్టికలు ఒక ఏడాదివి సంఖ్య ఎక్కువున్న జాతి ముందు వచ్చేలా ఉన్నాయి, ఇంకో ఏడాదివి అక్షర క్రమంలో ఉన్నాయి. నీ కోడ్ పేర్లు చూడకుండా మొదటి వరసని మొదటి వరసతో పోలుస్తోంది. అంటే గూడబాతుల్ని నత్తగుల్ల కొంగలతో, ఎర్రకాళ్ల కొంగల్ని నీటికాకులతో పోలుస్తోంది. పైగా ఒక ఫైల్లో "గూడబాతు" పక్కన ఒక ఖాళీ ఉంది. కంటికి కనిపించదు. పేర్లతో కలపడం మొదలుపెట్టగానే ఆ ఖాళీ వల్ల గూడబాతు రెండు జాతులవుతుంది, ఒక్కో ఏడాదీ ఒకటి సున్నా. ఆటపాకలో అటవీశాఖ వేసిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుని ఉన్న పక్షులు నీ కంప్యూటర్‌లో మాయమై, కొత్తవి పుడతాయి. డైవర్జెన్స్ ఆకాశానికి అంటుతుంది, నువ్వేమో కొల్లేటిలో విపత్తు వచ్చిందని రాస్తావు. సూత్రం ఎంత సరిగ్గా ఉన్నా ఇక్కడ అది చెయ్యగలిగేదేమీ లేదు.

దీన్ని పట్టే టెస్టు తేలికే. రెండు ఫైళ్లలోనూ వరసల్ని ఏ ఫైలుకా ఫైలు కలగాపులగం చేసి మళ్లీ నడుపు. జవాబు మారకూడదు. మారిందంటే పేర్లు చూడడం లేదని అర్థం. ఇలా జవాబు ముందుగా తెలియకపోయినా అడగగలిగే ప్రశ్నలు ఇంకొన్ని ఉన్నాయి, అర పక్షి కలపని లెక్కల మీద అడుగు. పక్షుల సంఖ్యలన్నిటినీ రెట్టింపు చేస్తే వాటాలు మారవు, జవాబూ మారకూడదు. నత్తగుల్ల కొంగల్ని రెండేళ్లలోనూ సగం సగం చేసి రెండు పేర్లు పెడితే మారకూడదు. నత్తగుల్ల కొంగల్నీ ఎర్రకాళ్ల కొంగల్నీ ఒకే గడిలో కలిపేస్తే జవాబు తగ్గొచ్చు, ఉన్నచోటే ఉండొచ్చు, పెరగడానికి మాత్రం వీల్లేదు. వివరం తగ్గించి చూసినప్పుడు తేడా ఎక్కువ కనబడదు కదా. ఈ చివరిది నాకు చాలా ఇష్టమైన టెస్టు. యాదృచ్ఛికంగా వందల పట్టికలు పుట్టించి, ప్రతిదాంట్లో ఏవో రెండు జాతుల్ని కలిపి చూడు. సున్నాల దగ్గర ఏదైనా పొరపాటు ఉంటే చాలాసార్లు ఇక్కడే పెరిగి కనిపిస్తుంది.

రెండు పట్టికల్లోనూ జాతుల పేర్లు ఒకేలా మారిస్తే కేఎల్ మారదు, అంటే దానికి పక్షుల సంగతి ఏమీ తెలియదని కూడా అర్థం. గూడబాతుల వాటా నీటికాకులకి పోయినా, ఒక కొంగ వాటా ఇంకో కొంగకి పోయినా దానికి ఒకటే. కొల్లేటి సంగతి తెలిసినవాళ్లకి ఒకటి కాదు. దీని గురించి మనవాడే ఒకాయన ఆలోచించాడు. సి.ఆర్. రావు గారు చిన్నతనంలో కొన్నాళ్లు నూజివీడులో చదువుకున్నారు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది కనక ఇప్పుడు ధైర్యంగా మన జిల్లా అని చెప్పుకోవచ్చులే. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో స్టాటిస్టిక్స్ చదివి, పాతికేళ్ల ప్రాయంలో 1945లో రాసిన ఒక వ్యాసంలో, డిస్ట్రిబ్యూషన్లని వంపు తిరిగిన ఒక తలం మీది బిందువులుగా చూసి వాటి మధ్య దూరం కొలవొచ్చని చూపించారు. ఆ వెంటనే కేంబ్రిడ్జ్ వెళ్లింది కూడా ఇలాంటి పనికే. సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్విన పాత అస్థిపంజరాల కొలతల్ని ఇతర జనసమూహాల కొలతలతో మహలనోబిస్ దూరం వాడి పోల్చడం. 1982లో వైవిధ్యం గురించి రాసిన వ్యాసంలో, ఏ రెండు పక్షుల్ని చీటీ తీసినట్టు తీస్తే వాటి మధ్య సగటున ఎంత దూరం ఉంటుందో అదే వైవిధ్యానికి కొలత అన్నారు. జాతికీ జాతికీ మధ్య ఎంత తేడా అన్నది నువ్వే ఇవ్వాలి. జీవావరణ శాస్త్రవేత్తలు ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే వాడుతున్నారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది, ఆ ఆగస్టులోనే పోయారు. మీ ప్రాజెక్టుకి ఆయన కొలతని కూడా చేర్చు. దానికో టెస్టు ఇప్పుడే చెప్తాను. ఏ రెండు వేరు జాతుల మధ్యనైనా దూరం 1 అని పెడితే, అది వాటాల వర్గాల మొత్తాన్ని 1 లోంచి తీసేసిన దానికి సమానం కావాలి.

చివరిగా, కోడ్ అంతా ఒప్పయ్యాక కూడా మిగిలే చిక్కు ఒకటుంది. నీకు 0.09 వచ్చింది, "రెండేళ్ల మధ్య మార్పు ఉంది" అని రాశావు. ఒకే ఏడాది లెక్కని రెండు సగాలుగా చేసి వాటి మధ్య కేఎల్ కట్టావా? సున్నా రాదు. ఇరవై జాతులు, ఒక్కో సగంలో 200 పక్షులు ఉంటే, ఏ మార్పూ లేకపోయినా సగటున సుమారు 0.095 వస్తుంది. జాతుల సంఖ్యలోంచి ఒకటి తీసి, ఒక్కో సగంలోని పక్షుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది అదే. నీ పట్టికల్లోనూ ఒక్కో ఏడాదికి 200 పక్షులే ఉంటే, నీ మార్పు అంతా అందులోనే మునిగిపోయినట్టే. దీన్నే టెస్టుగా రాయి. ఒకే డిస్ట్రిబ్యూషన్ నుంచి చాలాసార్లు శాంపిల్స్ తీసి, సగటు ఆ దరిదాపుల్లో ఉందో లేదో చూడు. ఇలాంటి టెస్టుకి టాలరెన్స్ ఊహించి పెట్టకు, స్టాండర్డ్ ఎర్రర్ కట్టి దానికి నాలుగు రెట్లు ఇవ్వు. అప్పుడప్పుడూ ఎర్రబడుతోందని యాదృచ్ఛిక సంఖ్యల సీడ్ మార్చుకుంటూ పోయి పచ్చబడిన చోట ఆగడం మాత్రం చెయ్యకు. చాలామంది చేస్తారు, నా టీముల్లో చూస్తూనే ఉంటాను.

పైన చెప్పింది కూడా పక్షులు ఒక్కొక్కటిగా, దేని ఇష్టం దానిది అన్నట్టు వస్తేనే. కొల్లేటిలో అలా రావు. నత్తగుల్ల కొంగలు ఒక చెరువు మీద వాలితే గుంపంతా వాలుతుంది. ఆ ఉదయం గుంపు గుడివాకలంక వైపు ఉందా, ఆటపాకలో ఉందా అన్న దాన్ని బట్టి వాటాలు తలకిందులవుతాయి. నీళ్లు లోతుగా ఉన్న ఏడాది కాళ్లతో నడిచి మేసే పక్షులు గట్ల మీదికీ పక్కూళ్ల వరిచేలకీ పోతాయి, నీ పట్టికలో కనిపించవు. అందుకని సగాలు చేసేటప్పుడు పక్షుల్ని పంచకు, లెక్కించిన చోట్లని పంచు. కొన్ని చోట్లు ఇటు, కొన్ని చోట్లు అటు వేసి కేఎల్ కట్టు. ఇలా చాలాసార్లు చేస్తే కొల్లేరు ఊరికే ఎంత ఊగుతుందో తెలుస్తుంది. ఆ ఊపు కంటే నీ తేడా పెద్దదైతే అప్పుడు రాయి. 0.095 కంటే అది బాగా ఎక్కువే వస్తుందని నా అంచనా.

ముందు ఫైళ్లలో పేర్ల పక్కన ఖాళీలు తీసెయ్యి, తర్వాత వరసల తారుమారు టెస్టు, ఆ తర్వాత మిగిలినవి. కొత్త టెస్టులతో పాటు నువ్వు కావాలని పాడుచేసిన ఫంక్షన్లు కూడా ఒక ఫోల్డర్‌లో పెట్టి పంపు. ఏది దేనికి ఎర్రబడిందో పక్కన రాయి, నేను ఇక్కడ నడిపి చూస్తాను. సర్‌కి ఇంకో వారం గడువు అడిగితే కాదనరు, కాదంటే ఆ 0.09 గురించిన పేరా ఒక్కటి తీసేసి ఇవ్వు. శనివారం మీ అమ్మ గూడెం వస్తానంటోంది. నీ పాత ల్యాప్‌టాప్ ఛార్జర్ నా దగ్గరే ఉంది, ఆవిడతో పంపుతాను.

ఇట్లు,
మీ పిన్ని